కాలిన అడవి మట్టిలో లభ్య నత్రజని: పర్మాంగనేట్ రిపోర్టు ఇక్కడ పనికొస్తుందా?

తునికాకు (ప్రశ్న)

నల్లమలలో మార్చి ఆఖర్లో నేలమంట పాకిన ఒక వాలు, దాని పక్కనే మంట తగలని వాలు. రెండింటిలో లభ్య నత్రజని ఎంత తేడాగా ఉందో తేల్చాలి. చెట్లు ఎక్కువగా నల్లమద్ది, చిరుమాను, అక్కడక్కడ టేకు, కింద బోదగడ్డి. ఎర్రనేల, రాళ్లు బాగా ఎక్కువ.

0–15 సెం.మీ. లోతు మట్టి తీసి, నీడలో ఆరబెట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టి భూసార పరీక్షకు ఇస్తే కాలినచోట హెక్టారుకు 298 కిలోలు, కాలనిచోట 285 కిలోలు అని రిపోర్టు వచ్చింది. రెండూ "మధ్యస్థం" కిందే పడ్డాయి. మంట వల్ల ఏ మార్పూ రాలేదని రాసేయాలా, లేక కొలిచిన తీరే తప్పా?

ల్యాబులో కెల్డాల్ డిస్టిలేషన్ సెట్టు, మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్, షేకర్, ఓవెన్ ఉన్నాయి. ఆటో ఎనలైజర్ లేదు. తొలకరి ఇంకా పడలేదు. ఇప్పుడు ఏం చేస్తే మేలు?

మట్టిబెడ్డ

మార్పు లేదని మాత్రం రాయకండి. ఆ రిపోర్టు మీ ప్రశ్నకు జవాబు చెప్పేది కాదు.

భూసార కేంద్రాలు వాడేది 1956 నాటి సుబ్బయ్య–అసిజ పద్ధతి. 20 గ్రాముల మట్టికి 0.32 శాతం పొటాషియం పర్మాంగనేట్, 2.5 శాతం సోడియం హైడ్రాక్సైడ్ పోసి మరిగిస్తారు. వచ్చిన అమ్మోనియాను బోరిక్ ఆమ్లంలో పట్టి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేసి, రీడింగును 31.36తో గుణిస్తారు. అంటే మట్టిలో అప్పటికే ఉన్న అమ్మోనియంతో పాటు, సేంద్రియ పదార్థంలో తేలిగ్గా ఆక్సీకరణ చెందే భాగం నుంచి ఊడివచ్చిన నత్రజని కూడా ఆ అంకెలో కలిసిపోతుంది. నైట్రేట్ మాత్రం అసలు రాదు. వరికో పత్తికో ఎంత యూరియా వేయాలో చెప్పడానికి పెట్టిన సూచిక అది. ఆ పనికి అది చాలు.

మీ అంకెల్నే చూడండి. హెక్టారుకు 22.4 లక్షల కిలోల మట్టి అనే పొలం లెక్కన 298ని 2.24తో భాగిస్తే కిలో మట్టికి 133 మి.గ్రా., 285ని భాగిస్తే 127. కాలని పొడి అడవి మట్టిలో వేసవిలో నిజంగా ఉండే అమ్మోనియం, నైట్రేట్ రెండూ కలిపినా సాధారణంగా కొద్ది మిల్లీగ్రాములే. మంట తర్వాత అమ్మోనియం రెట్టింపో మూడింతలో అయినా, ఆ పెరుగుదల 130 అనే పెద్ద అంకె కింద కనబడకుండా పోతుంది. మీ రెండు నమూనాల మధ్య తేడా బ్యూరెట్‌లో 0.4 మి.లీ. అంతే. దాంతో అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం.

ఇంకో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది లోతు. నేలమంటలో పొడి మట్టి వేడిని కిందికి పోనివ్వదు. మార్పంతా పై రెండు మూడు సెంటీమీటర్లలోనే. పై 3 సెం.మీ.లో 10 మి.గ్రా. పెరిగినా, 15 సెం.మీ. మట్టితో కలిపేస్తే సగటున 2 మి.గ్రా.కి దిగుతుంది. కాబట్టి 0–5, 5–10 విడివిడిగా తీయండి. బూడిదను మట్టిలో కలపొద్దు. 25 × 25 సెం.మీ. చట్రం పెట్టి, మెత్తటి బ్రష్‌తో బూడిదను ముందే వేరుగా ఎత్తి, తర్వాత మట్టి తీయాలి. రెండోది నీడలో ఆరబెట్టడం. ఆరే కొద్దీ చచ్చిన సూక్ష్మజీవుల నుంచి అమ్మోనియం బయటికొస్తుంది. కాలనిచోట సూక్ష్మజీవులు ఎక్కువ కనుక అక్కడ ఎక్కువ వస్తుంది. మంట చేసిన తేడాను ఆరబెట్టడమే చెరిపేసినట్టు. మట్టిని ఫ్రీజర్లో పెట్టినా ఇదే గొడవ. ఫ్రీజ్ చేయాల్సింది వడకట్టిన ద్రావణాన్ని.

మీకు కావాల్సింది 2 మోలార్ పొటాషియం క్లోరైడ్ (కేసీఎల్) పద్ధతి. లీటరుకు 149.1 గ్రాముల ఏఆర్ గ్రేడ్ కేసీఎల్. తడి మట్టి 10 గ్రాములకు 50 మి.లీ. పోసి, గంటసేపు షేకర్ మీద ఊపి వడకట్టడం. 42 డిగ్రీల ఎండలో మట్టిని సంచుల్లో పెట్టి ల్యాబుకు తెచ్చేలోపే లోపల మారిపోతుంది కాబట్టి కేసీఎల్‌నే అడవికి తీసుకెళ్లండి. 125 మి.లీ. వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాల్లో ల్యాబులోనే 50 మి.లీ. చొప్పున పోసి, మూతతో సహా తూచి, బరువు సీసా మీద రాసుకోండి. అడవిలో 4 మి.మీ. జల్లెడతో మట్టిని గబగబా పట్టి, సుమారు 10 గ్రాములు పట్టే గుర్తుపెట్టిన చెంచాతో వేసి, మూత బిగించి, బాగా ఊపి ఐస్ పెట్టెలో పెట్టండి. తిరిగొచ్చాక మళ్లీ తూస్తే ఎంత మట్టి పడిందో తేలుతుంది. ఉప్పు ద్రావణంలో పడ్డాక సూక్ష్మజీవుల పని దాదాపు ఆగిపోతుంది. అదే మట్టి నుంచి ఇంకో 20 గ్రాములు రెండు పాలిథిన్ సంచుల్లో బిగించి తెచ్చి, 105 డిగ్రీల ఓవెన్లో 24 గంటలు పెట్టి తేమ చూడాలి. అడవి నుంచి ల్యాబుకు పట్టే సమయం అన్ని సీసాలకూ ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

లెక్క ఇలా: తడి మట్టి 10.4 గ్రా., తేమ 4 శాతం అయితే పొడి మట్టి 10.0 గ్రా., నీరు 0.4 మి.లీ. ద్రావణంలో నత్రజని లీటరుకు 3.2 మి.గ్రా., బ్లాంక్ (మట్టి వేయని సీసా) 0.2 అయితే, 3.0 × 50.4 ÷ 10.0 = కిలో పొడి మట్టికి 15.1 మి.గ్రా. మట్టిలోని నీటిని కలపడం మే నెలలో మర్చిపోయినా పెద్ద తేడా రాదు. ఆగస్టులో మర్చిపోతే అంకె నాలుగైదు శాతం తగ్గిపోతుంది.

ఇక ఎప్పుడు తీయాలన్నది. మంటకు సేంద్రియ నత్రజని కొంత విరిగి అమ్మోనియం అవుతుంది. అది వెంటనే కనబడుతుంది. నైట్రేట్ అలా కాదు. దాన్ని తయారుచేసే బ్యాక్టీరియాకు తడి కావాలి, వేడికి దెబ్బతిన్నవి మళ్లీ కోలుకోవాలి. అందుకే తొలకరి ముందు ఒకసారి, నేల తడిసిన మొదటి వాన తర్వాత మూడు నాలుగు రోజులకు ఒకసారి, తర్వాత 2 వారాలకు, 6 వారాలకు, మళ్లీ అక్టోబరులో, వచ్చే మార్చిలో. తొలి తడికి ఒక్కసారిగా పొంగే నత్రజని వారం దాటితే సగం సద్దుమణుగుతుంది. ఆ ఒక్క నమూనా తప్పితే ఈ ఏడాది కథ సగం పోయినట్టే. మధ్యలో మామిడి జల్లు పడి ఉంటే ఆ తేదీ కూడా రాసుకోండి. "వానకు ముందు" అన్న మాటకు అర్థం మారిపోతుంది.

చిరుమాను

మట్టిబెడ్డ గారు చెప్పిన కేసీఎల్ అంకె ఆ రోజు మట్టిలో ఎంత నిల్వ ఉందో చెబుతుంది. చెరువులో నీటిమట్టం చూసినట్టు. కాలువ ఎంత పారుతోందో చెప్పదు. అమ్మోనియం ఎక్కువగా ఉందంటే తయారీ పెరిగి ఉండొచ్చు, లేదా గడ్డి కాలిపోయి తీసుకునే వేర్లు లేక పేరుకుపోయి ఉండొచ్చు. ఆ పారుదల కూడా తెలియాలంటే గొట్టాలో రెసిన్ సంచులో కావాలి.

గొట్టాలు: 5 సెం.మీ. లోపలి వ్యాసం, 15 సెం.మీ. పొడవు పీవీసీ, కింది అంచు పదును చేసినవి. మీ రాళ్ల నేలలో పీవీసీ పగులుతుంది. అంతే కొలత ఇనుప గొట్టంతో ముందు దారి చేసి, తర్వాత పీవీసీ దించండి. ఒక్కో చోట పక్కపక్కనే రెండు. ఒకటి అప్పుడే తీసి కేసీఎల్‌లో వేయాలి, రెండోది 28 రోజులు అక్కడే ఉంచాలి. చివరి అంకెలోంచి మొదటిది తీసేస్తే నికర ఖనిజీకరణ, అంటే సేంద్రియ నత్రజని నుంచి నికరంగా తయారైన అమ్మోనియం, నైట్రేట్. పైన వానచుక్క పడకుండా వదులు మూత, పక్కల గాలికి మూడు నాలుగు చిన్న రంధ్రాలు. మూత తెల్లగా ఉండాలి. నల్లగా కాలిన నేల మీద నల్ల మూత పెడితే లోపలి మట్టి బయటికంటే వేడెక్కి, మీరు కొలిచేది మంట ప్రభావం కాదు, మూత ప్రభావం. ఇంకో చిక్కు: గొట్టం లోపల తెగిన వేర్లు కుళ్లుతూ నత్రజనిని పట్టేస్తాయి. కాలనిచోట గడ్డివేర్లు ఎక్కువ కాబట్టి అక్కడ అంకె మైనస్‌లోకి పోవచ్చు. మైనస్ వచ్చిందని కొట్టేయకండి, అలాగే రాయండి.

రెసిన్ సంచులు: పాత నైలాన్ మేజోడు ముక్కలో 5 గ్రాముల మిక్స్‌డ్ బెడ్ రెసిన్ (అమ్మోనియం, నైట్రేట్ రెండింటినీ పట్టుకునే గుళికలు). వాడే ముందు సంచుల్ని 2 మోలార్ కేసీఎల్‌లో గంట నానబెట్టి, డిస్టిల్డ్ నీటితో బాగా కడగాలి. కొత్త డబ్బాలోని రెసిన్ నుంచే అమ్మోనియం వస్తుంది, నమ్మొద్దు. కరణితో 45 డిగ్రీల వాలుగా నేలలో చీలిక చేసి, 5–8 సెం.మీ. లోతున సంచి దూర్చి, పైమట్టిని కదపకుండా అదిమేయాలి. నేరుగా గొయ్యి తీసి పూడిస్తే వాననీరు ఆ గొయ్యి వెంబడే దిగి సంచి అబద్ధం చెబుతుంది. తీశాక మట్టి దులిపి, 100 మి.లీ. కేసీఎల్‌లో గంట ఊపండి. అడవికి తీసుకెళ్లి పాతకుండా వెనక్కి తెచ్చిన సంచులు కనీసం ఐదు బ్లాంకులుగా ఉండాలి.

కాలిన నేలలో దీనికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. బూడిద నుంచి కాల్షియం, పొటాషియం కరిగి దిగి రెసిన్‌లో అమ్మోనియం కూర్చోవాల్సిన చోట్లను ఆక్రమిస్తాయి. సంచి నాలుగు నెలలు ఉంచితే కాలినచోట తక్కువ చూపించే ప్రమాదం. బూడిద కరిగే తొలి వానల్లో 3–4 వారాలకోసారి మార్చండి. రెసిన్ అంకె యూనిట్ సంచికి రోజుకు మైక్రోగ్రాములు. దాన్ని కిలో మట్టికి మార్చే సూత్రం లేదు, ఎవరైనా మార్చి చూపిస్తే అనుమానించండి.

పొడి నేలలో సంచికి ఏమీ రాదు, నీరు కదిలితేనే. రోహిణి కార్తె దాటకముందే పాతిపెట్టేస్తే తొలకరిని పట్టుకుంటారు.

తునికాకు

రెండు జవాబులూ బాగా ఉపయోగపడ్డాయి, ధన్యవాదాలు అండీ. ఒక ప్రయత్నంగా కాలిన మట్టితో కేసీఎల్ ద్రావణం తీస్తే లేత టీ నీళ్ల రంగులో వచ్చింది. దీన్ని డిస్టిలేషన్‌తో చేయనా, రంగు పద్ధతితో చేయనా? నైట్రేట్‌కు 220 నానోమీటర్ల దగ్గర నేరుగా చదివే పద్ధతి తేలిక అంటున్నారు.

బ్యూరెట్

220 పద్ధతి ఇక్కడ వాడకండి. ఆ రంగు కాలిన సేంద్రియ పదార్థంలోంచి కరిగి వచ్చింది. అది 220 దగ్గర బలంగా కాంతిని పీల్చుకుంటుంది. 275 దగ్గర చదివి రెట్టింపు తీసేసే దిద్దుబాటు తాగునీటికి పెట్టింది, కాలిన మట్టికి సరిపోదు. కాలినచోట నైట్రేట్ ఎక్కువ అని తప్పుగా తేలుతుంది.

డిస్టిలేషన్ పని చేస్తుంది కానీ ముందు లెక్క వేసుకోండి. 0.005 నార్మల్ ఆమ్లం 1 మి.లీ. అంటే 70 మైక్రోగ్రాముల నత్రజని. 10 గ్రాములకు 100 మి.లీ. పోసి, అందులో 20 మి.లీ. తీస్తే చేతిలో ఉన్నది 2 గ్రాముల మట్టి. కిలోకు 5 మి.గ్రా. ఉంటే 10 మైక్రోగ్రాములు, బ్యూరెట్‌లో 0.14 మి.లీ. అంత చిన్న రీడింగును ఎవరూ నమ్మకంగా చదవలేరు. 10 గ్రాములకు 50 మి.లీ. పోసి 40 మి.లీ. తీస్తే 8 గ్రాములు, అప్పుడు 0.57 మి.లీ. మైక్రో బ్యూరెట్ ఉంటే పర్వాలేదు. ముందు 0.2 గ్రా. మెగ్నీషియం ఆక్సైడ్ వేసి అమ్మోనియం తీసి, అదే ఫ్లాస్కులో 0.2 గ్రా. డెవర్డా మిశ్రమలోహం పొడి (నైట్రేట్‌ను అమ్మోనియాగా మార్చేది) వేసి నైట్రేట్ తీయాలి. మెగ్నీషియం ఆక్సైడ్‌ను 600–700 డిగ్రీల వద్ద రెండు గంటలు కాల్చి వాడండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పట్టిన పాత పొడి బోరిక్ ఆమ్లం ఎండ్‌పాయింటును మసక చేస్తుంది.

తొలకరి ముందు, కాలని ప్లాట్లలో అంకెలు చిన్నవే ఉంటాయి కాబట్టి నా ఓటు రంగు పద్ధతికే. అమ్మోనియంకు సాలిసిలేట్, నైట్రోప్రుసైడ్, హైపోక్లోరైట్‌తో వచ్చే ఆకుపచ్చ-నీలం రంగు, 650–660 నానోమీటర్ల దగ్గర. నైట్రేట్‌కు వెనేడియం క్లోరైడ్ (నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేది) కలిపిన గ్రీస్ (Griess) రీఏజెంట్‌తో వచ్చే గులాబీ రంగు, 540 దగ్గర, రాత్రంతా ఉంచి చదవడం. ఆ మార్పుకే వాడే కాడ్మియం గొట్టం అక్కర్లేదు, ఆ విషం పారబోసే తలనొప్పీ లేదు. ఇందులో నైట్రైట్ కూడా కలిసి వస్తుందని గుర్తుంచుకోండి.

జాగ్రత్తలు చెబుతాను. స్టాండర్డులన్నీ (గాఢత తెలిసిన పోలిక ద్రావణాలు) 2 మోలార్ కేసీఎల్‌లోనే చేయండి. నీటిలో చేసిన స్టాండర్డుతో కేసీఎల్ నమూనా చదివితే గీత వాలు కలవదు. ప్రతి రంగు ద్రావణానికి రీఏజెంట్ వేయని జత గొట్టం ఒకటి ఉంచి, దాని రీడింగు తీసేయండి. బూడిద కలిసిన నమూనాలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. క్షారం పోయగానే తెల్లగా విరిగితే వాటిని కరిగించి పట్టి ఉంచే సిట్రేటో ఈడీటీఏనో చాల్లేదని అర్థం. హైపోక్లోరైట్ మన వేసవిలో సీసాలోనే బలం కోల్పోతుంది. స్టాండర్డు గీత వాలు గత వారం కంటే పడిపోతే ముందు దాన్నే అనుమానించండి.

వడపోత కాగితంలోనే అమ్మోనియం ఉంటుంది, ఒక్కో పెట్టెకు ఒక్కోలా. ప్రతి కాగితాన్నీ ముందు కేసీఎల్‌తో తడిపి ఆ నీళ్లు పారబోశాకే నమూనా పోయండి, లేదా సెంట్రిఫ్యూజ్ చేయండి. బ్యాచ్‌కు మూడు బ్లాంకులు తప్పనిసరి.

బూడిదను విడిగా తీస్తే ఇంకొకటి. తెల్లబూడిద కేసీఎల్‌లో పడగానే పీహెచ్ 9, 10 దాటుతుంది, అమ్మోనియం గ్యాసై ఎగిరిపోతుంది. మూత వెంటనే బిగించండి. వడకట్టగానే పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలతో పీహెచ్ 5 దగ్గరికి దించి, బ్లాంకులకూ అదే చేయండి.

మట్టిబెడ్డ

బ్యూరెట్ గారి మాటకు ఒక చేర్పు. ఖనిజీకరణ అంచనాకు మట్టిని 40 డిగ్రీల దగ్గర 7 రోజులు నీటిలో ముంచి ఉంచే పరీక్ష చాలామంది చేస్తారు: 5 గ్రా. మట్టి, 12.5 మి.లీ. నీరు, చివర్లో 12.5 మి.లీ. 4 మోలార్ కేసీఎల్. చవక, సులువు. కానీ మొదటి రోజు అమ్మోనియంను అందులోంచి తీసేయాలి. పొలం మట్టిలో అది చిన్న అంకె కాబట్టి కొందరు వదిలేస్తారు. కాలిన మట్టిలో వదిలేస్తే మంట విడుదల చేసిన అమ్మోనియంనే ఖనిజీకరణగా లెక్కకట్టినట్టు అవుతుంది.

గుట్టదారి

అందరూ ల్యాబు గురించే చెప్పారు, అసలు లోపం ప్లాట్ల దగ్గరుంది. ఒక కాలిన వాలు, ఒక కాలని వాలు. వాటిలో 30 నమూనాలు తీసినా మీకున్నది ఒక్క జతే. ఆ రెండు వాలులు మంటకు ముందే వేరుగా ఉండొచ్చు; ఎండ తగిలే దిక్కు వేరైతే చాలు. కనీసం నాలుగైదు వేర్వేరు మంటలు, ప్రతిదానికీ పక్కనే అదే దిక్కు, అదే వాలు, అదే చెట్లున్న కాలని చోటు. ఎఫ్ఎస్ఐ (భారత అటవీ సర్వేక్షణ సంస్థ) మంట అలర్టుల్లో వీఐఐఆర్ఎస్ అనే ఉపగ్రహ పరికరం ఇచ్చే 375 మీటర్ల చుక్కలు తేదీ చెబుతాయి, సెంటినెల్-2 ఉపగ్రహ బొమ్మలు అంచు చెబుతాయి. చుక్క ఉన్నచోటే మంట ఉందనుకోకండి, అది పిక్సెల్ మధ్య బిందువు మాత్రమే. టైగర్ రిజర్వు లోపలైతే అనుమతి పత్రం ముందు, గునపం తర్వాత.

ప్లాటులో చూడాల్సినది పడిపోయిన దుంగల అడుగు. దుంగ గంటల తరబడి కణకణలాడినచోట తెల్లబూడిద, కింద మట్టి ఇటుకరంగు. అక్కడ పైమట్టి మొత్తం నత్రజనే పోయి ఉంటుంది. 200 డిగ్రీలు దాటితే సేంద్రియ నత్రజని గాలిలో కలవడం మొదలు, 500 దగ్గర సగానికి పైగా పోతుంది. ప్లాటులో అలాంటి చోటు తక్కువే అయినా, సగటులో కలిపితే అటూ ఇటూ లాగేస్తుంది. విడిగా తీసి, విస్తీర్ణం టేపుతో కొలిచి, విడిగానే రాయండి.

హెక్టారు లెక్కకు 22.4 లక్షల కిలోల మట్టి అనే పొలం అంకెను మరిచిపోండి. మీ నేలలో రాళ్లున్నాయి. ఉదాహరణకు 5 సెం.మీ. లోతు, రాళ్ల మధ్యనున్న సన్నమట్టి సాంద్రత 1.2, ఘనపరిమాణంలో 30 శాతం రాళ్లు అయితే హెక్టారుకు 4.2 లక్షల కిలోల మట్టే. కిలోకు 20 మి.గ్రా. ఉంటే 8.4 కిలోల నత్రజని. రాళ్లు తీసేయకపోతే 12 అని రాసేవారు. సాంద్రతను గొట్టంతో తీయలేరు. చిన్న గొయ్యి తవ్వి, పల్చటి పాలిథిన్ పరిచి, ఎన్ని మిల్లీలీటర్ల నీరు పట్టిందో చూడటమే మేలు.

ఆ 8.4 కిలోల పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. హెక్టారుకు 5 టన్నుల రాలిన ఆకు, అందులో 1 శాతం నత్రజని అనుకుంటే 50 కిలోలు. ఐదింట నాలుగు వంతులు కాలిపోతే 40 కిలోలు గాలిపాలు. వానకు చిగురు పచ్చగా కనబడిందని మంట నేలకు మేలు చేసిందని చెప్పేవాళ్లకు ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూపించండి.

తునికాకు

అయితే పాత రిపోర్టు పక్కన పెట్టేస్తున్నాను. మూడు వేర్వేరు మంటలకు జతలు దొరికేలా ఉన్నాయి, నాలుగోది వెతుకుతాను. ఒక్కో ప్లాటుకు 8 రెసిన్ సంచులు, 5 జతల గొట్టాలు పెడితే సరిపోతాయా?

చిరుమాను

సంచులు 12 చేయండి. అడవిపందులు తవ్వి పారేసేవి, దొరకనివి పోగా ఎనిమిది మిగులుతాయి. గుర్తుకు పత్తి తాడు కట్టొద్దు, నెలలో చెదలు తినేస్తాయి. నైలాన్ దారం కట్టి, కొస నేల మీద రెండు అంగుళాలే కనబడనివ్వండి. నంబరు అల్యూమినియం రేకు మీద మేకుతో గీకండి, మార్కర్ సిరా తొలి వానకే పోతుంది.